తిరిగొచ్చే తీరు

పక్కింట్లో పూజకు మైసాక్షి ధూపం వేసినప్పుడల్లా చంద్రపూర్‌లోని ఈ మూడో అంతస్తు గదిలో నా చేతిలో పని ఆగిపోతుంది. ఆ వాసన వెంట సుగుణమ్మ వచ్చేస్తుంది. నా చిన్నప్పుడు మా ఊరు రాజురాలో సర్కారు దవాఖానా నర్సు ఆమె, మా వెనకింట్లో అద్దెకుండేది. ఆదివారం చర్చిలో ఎంత నెమ్మదో, మిగతా రోజులు జనం మీద అంత కోపం.

ఒక ఏడు పోచమ్మ పండుగనాడు డప్పుల మధ్య మా అమ్మ కూలబడి కాళ్లూ చేతులూ కొట్టుకోసాగింది. అందరూ శిగమొచ్చింది, అమ్మవారు పూనింది అనుకున్నారు. పసుపు పూసి, మైసాక్షి పొగ ముఖానికి పట్టి, "ఏం కావాలె తల్లీ, చెప్పు" అని అడగడం మొదలుపెట్టారు. ఒకావిడ నోట్లో నీళ్లు పోయబోయింది. అంతలో సుగుణమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది.

"నీళ్లు పొయ్యకుండ్రి. గిది శిగం గాదు, మూర్ఛ" అంటూ అమ్మను పక్కకు తిప్పి పడుకోబెట్టింది.

"దేవతంటే నమ్మకం లేనిదానివి, నీకేమెరుక?" అంది మా నాయనమ్మ.

"నమ్మకం సంగతి గాదు పెద్దమ్మా. అమ్మవారొచ్చినోళ్లను గూడ శానమందిని చూసిన. వాళ్ల జోలికి నేను పోను."

తర్వాత నన్ను కూర్చోబెట్టుకుని ఓపిగ్గా చెప్పింది. జ్వరంలో కలవరించేవాళ్లు, కల్లు తాగి సోయి తప్పినవాళ్లు, శిగమూగేవాళ్లు మన కంటికి ఒక్కలాగే ఉంటారట. "సోయి పోయేటప్పుడు చూస్తే తెల్వది బిడ్డా, తిరిగొచ్చేటప్పుడు చూడు. శిగం దిగినామె లేస్తనే కొంగు సర్దుకుంటది. జ్వరమోడు తునకలు తునకలుగ వస్తడు. మీ అమ్మ తనెవరో తనకే తెల్వకుంట వస్తది. గప్పుడు గాబరపెట్టకు. ఏ ఊరో, నువ్వెవరో మెల్లగ చెప్పు."

ఇంతలో భాషల వారీగా రాష్ట్రాలను విడదీస్తే మా తాలూకా మరాఠీ వైపు కలిసింది. ఉద్యోగులను ఏ వైపు ఉంటారో చెప్పుకోమన్నారు. ఆమె భర్త ఆదిలాబాద్‌లో బడిపంతులు కాబట్టి ఆమె అటే వెళ్తానంది. నేను అలిగి మాట్లాడ్డం మానేశాను. బస్సెక్కే ముందు తనే వచ్చింది.

"అమ్మకు మళ్లొస్తే ఎట్ల?" అని ఏడ్చాను.

"నువ్వున్నవు గద" అంటూ నా కళ్లు తుడిచింది.

నెల తిరగకముందే అమ్మ పడిపోయింది. పక్కకు తిప్పి పడుకోబెట్టి ఎదురుచూశాను. కళ్లు తెరిచి బిత్తరపోయి చూస్తుంటే, "ఇది రాజురా. నువ్వు మా అమ్మవు. నేను నీ బిడ్డను" అని చెప్పాను. అమ్మ నా ముఖంలోకి చాలాసేపు చూసి, "సుగుణ ఏది?" అంది.

నన్ను పోల్చుకోకముందే అమ్మకు ఆమె గుర్తొచ్చింది. నాకు కోపం రాలేదు. ఇప్పుడు అమ్మా లేదు. ఇరుగుపొరుగులో ఎవరు సోయి తప్పి తేరుకుంటున్నా పక్కన కూర్చుని ఏ ఊరో, నేనెవరో చెప్పడం మాత్రం మానలేదు. వాళ్లు తేరుకున్నాక నా మనసు ఆ ప్రశ్నే అడుగుతుంది, సుగుణమ్మ ఏదని.