చచ్చిన నీళ్ళు

నా చిన్నప్పుడు అనకాపల్లి శివారులోని మా వీధికి బోరు నీళ్ళే దిక్కు. క్యాన్లలో నీళ్ళమ్మే బళ్ళు అప్పటికింకా మా వైపు రాలేదు. బోరింగు కొట్టినప్పుడు తేటగానే ఉండేవి, బిందెలో కాసేపు నిలిస్తే చాలు, ఇటుక రంగుకు తిరిగేవి. పైగా ఉప్పన. వాటితో పెట్టిన టీ నల్లగా వచ్చేది. టీ అంటే అలాగే ఉంటుందనుకునేదాన్ని.

మా తాతయ్య పూడిమడక రోడ్డులోని ఒక ఐసు ఫ్యాక్టరీలో నీళ్ళ మిషను చూసుకునేవాడు. ఐసు దిమ్మలు ఎర్రగా వస్తే చేపల పడవల వాళ్ళు ముట్టుకోరు కదా, అందుకని యజమాని ఆ మిషను పెట్టించాడు. బోరు నీటిని ముందు జల్లులా గాలిలోకి వదిలి, అందులో దాగిన ఇనుప చిలుమును బయటపెట్టి, ఇసుకలో వడగట్టి, ఆ తర్వాత పెద్ద గొట్టాల్లోంచి నెట్టి ఉప్పు తీసేవారు. మా వీధి వాళ్ళ కోసం గేటు బయట ఒక కుళాయి కూడా పెట్టించాడు, మహానుభావుడు.

ఆ ప్లాంటు నీళ్ళు క్యాన్లలో తెచ్చుకుని అందరూ తాగారు, మా నానమ్మ తప్ప. "సచ్చిన నీల్లు. రుసీ పసీ లేదు" అనేది. సరిగ్గా అప్పుడే ఆవిడకు కిడ్నీలో రాళ్ళు పడ్డాయి. నొప్పి వస్తే మంచం పట్టె పట్టుకుని మెలికలు తిరిగిపోయేది. బోరు నీళ్ళు మానేసి ప్లాంటు నీళ్ళు బాగా తాగకపోతే ఆపరేషన్ తప్పదన్నాడు డాక్టరు. తాతయ్య బతిమాలాడు, అరిచాడు, అలిగి అన్నం మానేశాడు. నానమ్మ ఒక గుక్క పుక్కిలించి ఊసేసి, మళ్ళీ బోరింగు దగ్గరికే వెళ్ళేది.

ఒక ఉదయం ఆవిడ పెరట్లో ఉండగా తాతయ్య పిల్లిలా వంటింట్లోకి వచ్చాడు. ఆవిడ కుండలోంచి ఒక చెంబుడు బోరు నీళ్ళు తీసి, ఒక చెంబుడు ప్లాంటు నీళ్ళు పోశాడు. నన్ను చూసి గతుక్కుమన్నాడు. "నానమ్మకి సెప్పకే గుంటా" అన్నాడు. అలా కొన్నాళ్ళకొక చెంబు పెంచుకుంటూ పోయాడు. వానలు పడేసరికి కుండ నిండా ప్లాంటు నీళ్ళే. నానమ్మ చెంబులు చెంబులు తాగేది, నొప్పీ తగ్గుముఖం పట్టింది. తాతయ్య లోలోపల ఎంత మురిసిపోయాడో నాకొక్కదానికే తెలుసు.

తర్వాత ఒకసారి ఆయన జ్వరంతో పడుకుంటే, ఈ సంగతి తెలియని మా అమ్మ కుండలో బోరు నీళ్ళు పోసింది. నానమ్మ ఒక గుక్క తాగి గ్లాసు దించేసింది. నన్ను దగ్గరకు లాక్కుని గుసగుసగా అడిగింది. "ఇయ్యి మీ తాత పోసిన నీల్లు కావే. క్యానులో ఏటైనా మిగిలినాయా?"

నేను నోరెళ్ళబెట్టాను. "నీకు తెలుసా?"

"తెలవకేటి? మొదటి సెంబుకే తెలిసిపోనాది. ఇప్పటికీ నాకు గొంతు దిగవు. దొంగోడిలాగ నక్కి నక్కి పోత్తన్నాడు కదా, పాపం. ఒద్దంటే సిన్నబుచ్చుకోడేటి? జొరంతో పడుకున్నాడని మానేత్తానేటి? ఆయనకి సెప్పకే."

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. అరిచినా అలిగినా దిగిరాని మనిషి, ఆయన దొంగచాటుగా పడిన తాపత్రయానికి కరిగిపోయింది. ఇద్దరి రహస్యాలూ నా దగ్గరే ఉండిపోయాయి. వాళ్ళిద్దరూ ఇప్పుడు లేరు. ఎప్పుడైనా ఒకరికొకరు చెప్పుకున్నారో లేదో నాకు తెలియదు.

నాకిప్పుడు నలభై దగ్గర పడుతోంది, ఈమధ్యే షుగరు బయటపడింది. పొద్దున్న టీ మా ఆయనే పెడతాడు. నాకు తెలియకుండా పంచదార కొంచెం కొంచెంగా తగ్గిస్తున్నాడు. డబ్బా మూత చప్పుడు కాకుండా ఆయన పడే అవస్థ గదిలోంచి చూస్తూనే ఉంటాను. గ్లాసు ఖాళీ చేసి, బాగుందండీ అంటాను.