పదిహేడు దెబ్బలు తిన్న లియోని

లియోని టెర్రియే పేరు తెర మీద ఎప్పుడూ చివరి నుంచి రెండో వరసలోనో మూడో వరసలోనో పడేది. ముప్పై ఏళ్లలో ఎనభై పైచిలుకు సినిమాల్లో కనిపించింది. పనిమనిషి, నర్సు, రొట్టెల కొట్టావిడ, హీరో అడ్రసు అడిగితే చెయ్యి చాపి దారి చూపించే ఆడమనిషి. సినిమా స్టూడియోలున్న జ్వాన్‌విల్ అనే ఫ్రెంచి ఊళ్లో ఆమె మొహం తెలియనివాళ్లు లేరు. పేరు మాత్రం సగం మందికి తెలియదు.

వాళ్లమ్మ మార్న్ నది ఒడ్డున చిన్న గదిలో స్టూడియో వాళ్ల చొక్కాలు ఇస్త్రీ చేసేది. వాటిని బుట్టలో పెట్టుకుని వెళ్లి ఇచ్చి రావడం లియోని పని. పదిహేడో ఏట ఒకరోజు అలా వెళ్తుంటే ఎవరో సహాయ దర్శకుడు ఆపి, రేపు కెమెరా ముందు అలాగే నడవమన్నాడు. ఇంటికొచ్చి చెబితే అమ్మ పగలబడి నవ్వింది.

"నడిచినందుక్కూడా డబ్బులిస్తారా వీళ్లు? వెళ్లవే, వాళ్ల మనసు మారేలోపు నడిచేసి రా."

అలా మొదలైంది. రెండేళ్లకి, 1934లో, మొదటిసారి మాటలున్న వేషం దొరికింది. హీరో ఎడ్మోన్ సాల్వియాకి చెల్లెలి వేషం. అప్పట్లో సాల్వియా అంటే ఆడవాళ్లు స్టూడియో గేటు దగ్గర వానలో తడుస్తూ నిలబడేవాళ్లు. కథలో ఆయన చెల్లెల్ని చెంపదెబ్బ కొట్టాలి. మామూలుగా చెయ్యి చెంపకి తగలకుండా గాలిలో పోతుంది, కొట్టించుకునేవాళ్లు తల తిప్పుతారు, చప్పుడు తరవాత కలుపుతారు. ఆ పొద్దున సాల్వియా దర్శకుడితో అన్నాడు.

"ఈ పిల్ల కళ్లల్లో నీళ్లు రావట్లేదయ్యా. నిజంగానే కొడతా, అవే వస్తాయి."

లియోనిని ఎవరూ అడగలేదు. మొదటి దెబ్బకే నీళ్లొచ్చాయి. దర్శకుడు చాలన్నాడు. సాల్వియా చాలనలేదు. "నా చెయ్యి సరిగ్గా పడలేదు. ఇంకోసారి." తరవాత దీపం వెలుగు ముక్కు మీద పడిందన్నాడు. ఆ తరవాత జుట్టు చెదిరిందన్నాడు. లియోని లోపల్లోపల లెక్కపెట్టుకుంటూ నిలబడింది. పదకొండో దెబ్బకి ఎడమ చెవిలో పాతగుడ్డ చిరిగినట్టయింది. పదిహేడో దానికి సాల్వియా తృప్తిపడ్డాడు. వేళ్లకంటుకున్న ఆమె పౌడర్ని రుమాలుతో తుడుచుకుంటూ, "నటనంటే ఏంటో ఇవాళ తెలిసిందా? థాంక్స్ చెప్పు పిల్లా!" అన్నాడు.

అందరూ నవ్వారు. లియోని, "మెర్సీ, మస్యూ" అంది.

తరవాత జీవితమంతా ఆమెని కాల్చింది దెబ్బలకన్నా ఆ మాటే. కొట్టిన చెయ్యి వాడిది, థాంక్స్ చెప్పిన నోరు మాత్రం తనది.

చెవి చీము పట్టి, నెల తిరిగేసరికి వినికిడి పోయింది. ఆ దెబ్బ బొమ్మతోనే గోడలనిండా పోస్టర్లు వేశారు. అమ్మ వాటిని చూసింది. ఆ వారం ఇస్త్రీకి వచ్చిన మూటలో సాల్వియా పట్టు చొక్కాలు వెతికి పట్టుకుంది. ఒక్కో చొక్కా వీపు మీద ఎర్రగా కాలిన ఇస్త్రీపెట్టె పెట్టి, అచ్చు పడేదాకా నొక్కి ఉంచింది. అన్నిటినీ అందంగా మడతపెట్టి పంపింది. అమ్మకి స్టూడియో పని ఆ రోజుతో పోయింది.

"ఆరు చొక్కాలే దొరికాయే," అంది కూతురితో, అదొక్కటే విచారమన్నట్టు.

లియోని మాత్రం సినిమాలు మానలేదు. అయితే ఎడమవైపు నుంచి ఎవరైనా మాట్లాడితే వినపడక జవాబు ఆలస్యమయ్యేది. పెద్ద వేషాలు ఇద్దామనుకున్నవాళ్లు అది చూసి వెనక్కి తగ్గారు. యుద్ధం వచ్చింది, పోయింది. ఒక ఆదివారం ఆమె వంటింట్లో సూపుకి ఉల్లికాడలు తరుగుతుంటే రేడియోలో సాల్వియా గొంతు వినిపించింది.

"...ఎవరో కొత్తపిల్ల, పేరు గుర్తులేదు. పదిహేడుసార్లు కొట్టానండీ! చివరికి నాకే థాంక్స్ చెప్పింది! నిజమైన దెబ్బకి సాటి లేదు, అదే నా సిద్ధాంతం."

ప్రశ్నలడిగేవాడు విరగబడి నవ్వాడు. లియోని కత్తి పక్కన పెట్టి, కుడిచెవి రేడియోకి ఆనించి, చివరిదాకా విన్నది. ఆ రోజు నుంచి ఏ సినిమా మొదలవుతుందన్నా ముందు అందులో సాల్వియా ఉన్నాడేమో చూసేది. ఒకసారి దక్షిణాదిన మంచి వేషమొస్తే వదులుకుని, సాల్వియా సినిమాలో తలుపు తీసే పనిమనిషిగా చేరింది. తీరా చూస్తే తలుపు తీసింది వేరే నటుడికి. అలా మూడుసార్లు తప్పిపోయింది.

1957లో సాల్వియా దొరికాడు. ఆ సినిమా దర్శకుడు పాస్కల్ రుయే, ఇరవై ఎనిమిదేళ్ల కుర్రవాడు. సాల్వియాకి అప్పటికి పళ్లు కట్టుడువి, జుట్టు అతికించింది. మూడేళ్లుగా ఎవరూ పిలవలేదు. లియోనిది ఒక అపార్ట్‌మెంట్ కాపలామనిషి వేషం. ఆమె కూతుర్ని మోసం చేసిన ముసలాయన సాల్వియా. కాయితం మీద ఆమె నాలుగు తిట్లు తిట్టి ఊరుకోవాలి.

"ఇలాంటి ఆడది తిట్టి ఊరుకుంటుందా బాబూ? లాగి ఒకటిస్తుంది," అంది లియోని.

రుయేకి నచ్చింది. "నిజంగానా, ఉత్తుత్తిగానా?"

"మస్యూ సాల్వియానే అడగండి. నిజమైన దెబ్బకి సాటి లేదని రేడియోలో చెప్పారుగా."

అందరూ ఆయనవైపు తిరిగారు. "అవునవును, నిజమైనదే," అన్నాడు సాల్వియా నవ్వు తెచ్చిపెట్టుకుని.

మొదటి దెబ్బ బ్రహ్మాండంగా పడింది. రుయే చప్పట్లు కొట్టి చాలన్నాడు.

"నా చెయ్యి సరిగ్గా పడలేదు. ఇంకోసారి," అంది లియోని.

నాలుగో టేక్‌లో కావాలనే ఒక మాట మింగేసింది. ఆరోదాంట్లో తిన్నగా కెమెరాలోకి చూసింది. ఏడో దెబ్బకి సాల్వియా కట్టుడుపళ్లు జారాయి. మొదట్లో నవ్విన దీపాలవాళ్లు ఇప్పుడు నవ్వడంలేదు. టేక్ టేక్‌కీ సాల్వియా చెంపకి పౌడర్ అద్దుతున్న మార్సెలిన్, లియోనికి పాతికేళ్ల స్నేహితురాలు, దగ్గరికొచ్చి గొణిగింది.

"చాలించవే తల్లీ. బుగ్గ ఉడికిన బీట్‌రూట్‌లా ఉంది."

"ఎన్నయ్యాయి?"

"తొమ్మిది."

"ఇంకా ఉన్నాయిలే. పౌడర్ వెయ్యి."

పదకొండోది పడ్డాక సాల్వియా ఆమె దగ్గరకొచ్చాడు. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. "మదామ్, నా మీద కోపమేమైనా ఉందా? మనం ఇదివరకు కలిసి పనిచేశామా?"

అంటే మొహం చూసినా గుర్తురాలేదు. లియోనికి అప్పటిదాకా ఉన్న కోపం ఒక లెక్క, అది విన్నాక వచ్చిన కోపం ఒక లెక్క.

"ఆ కొత్తపిల్ల పేరు గుర్తులేదన్నారుగా. లియోని టెర్రియే. పలకండి."

ఆయన పెదాలు కదిలాయి. రంగు అద్దిన మొహం కింద అసలు రంగు పోయింది. "లియోని టెర్రియే," అన్నాడు సన్నగా.

"వినపడలేదు. ఒక చెవి లేదు నాకు."

"లియోని టెర్రియే!"

పైన దీపాల దగ్గరున్నవాళ్లు కూడా వంగి చూశారు. సాల్వియా వెళ్లిపోవచ్చు. వెళ్లిపోతే ఇంకెవరూ పిలవరని ఆయనకి తెలుసు, లియోనికీ తెలుసు. వెళ్లి, నటులు నిలబడాల్సిన చోట నేల మీద గీసిన తన గుర్తు మీద నిలబడ్డాడు. మిగిలిన ఆరూ తిన్నాడు. చెవి మాత్రం చీల్చలేదు ఆమె, ప్రతిసారీ చెయ్యి చెంప కిందిభాగం మీదే వేసింది. తను చెప్పేవన్నీ వాడికి రెండు చెవులా వినపడాలి, చివర్న వాడి నోటి నుంచి ఒక్క మాట తను వినాలి.

పదిహేడోది అయ్యాక చెయ్యి దించింది. "థాంక్స్ చెప్పండి."

"మెర్సీ, మదామ్," అన్నాడాయన.

ఎవరూ నవ్వలేదు. అది మాత్రం కొంచెం వెలితిగా అనిపించింది లియోనికి.

రుయే సినిమాలో మొదటి టేకే వాడుకున్నాడు. అంత ఫిల్ము తగలేసిందని నిర్మాత మండిపడ్డాడు. రెండేళ్లు ఆమెని ఏ స్టూడియో పిలవలేదు. ఆ రెండేళ్లూ జ్వాన్‌విల్‌లో ఒక టోపీల కొట్లో పనిచేసింది. ఆ దెబ్బలు కొట్టిన మధ్యాహ్నం మాత్రం ఇంటికెళ్లేసరికి చెయ్యి మణికట్టు దాకా వాచింది. అమ్మ చన్నీళ్ల గిన్నెలో పెట్టించింది.

"నొప్పిగా ఉందా?"

"బాగా."

"ఉండనీ," అంది అమ్మ, ఎన్నో ఏళ్ల తరవాత హాయిగా నవ్వి.

సాల్వియా ఆ చెంపదెబ్బల కథ మళ్లీ ఎక్కడా చెప్పలేదు. ఎవరైనా కదిపితే, "ఆవిడ పేరు లియోని టెర్రియే. ఇంకో ప్రశ్న అడగండి," అనేవాడు.

కొన్నేళ్ల తరవాత, ఒక షూటింగు విరామంలో కాఫీ తాగుతూ ఓ కొత్త నటి లియోనిని అడిగింది. "ముసలాయన కదా పాపం... కొట్టినందుకు ఎప్పుడైనా బాధపడ్డారా మేడమ్?"

"దేనికమ్మా? పదిహేడు దగ్గర ఆపినందుకా?" అంది లియోని. కప్పు కిందపెట్టి, నర్సు టోపీ సర్దుకుని, పిలుపు రాగానే లేచి వెళ్లింది.