పాండిచ్చేరి సదస్సు, ఆదివారం గద్దలు

నెల్లూరులో నేను జంతుశాస్త్రం పాఠాలు చెబుతాను. కొన్నేళ్లుగా మా దగ్గరి రేవులో వాలే గద్దలను లెక్కపెట్టి పరిశోధన రాస్తున్నాను. అవి ఈ తీరాన్ని విడిచిపోతున్నాయని నా తీర్మానం. వేసవిలో సిద్ధాంత గ్రంథం సమర్పిస్తేనే రీడరు పదవి. "ముందు ఒక్క సదస్సులోనైనా చదవండి" అని గైడు పట్టుబట్టడంతో పాండిచ్చేరికి బయలుదేరాను.

గురువారం తెల్లవారుజాము రైలుకు మద్రాసు వెళ్లి, పదకొండు గంటల బస్సు పట్టుకున్నాను. దారిలో తినడానికి ఏదైనా కట్టించుకోవడం మేలు. తిండివనంలో టీ తాగేంతసేపే ఆపాడు. పక్క సీటులో పాండిచ్చేరి బజారులో బట్టలకొట్టు నడిపే రంగయ్యశెట్టి గారు. తరతరాలుగా అక్కడే ఉన్న తెలుగువారు.

"యాడికి సార్?"

"సదస్సుకండీ. వ్యాసం చదవాలి."

"దానికింత దూరమా? సుమ్మా, ఊరికే తపాల్లో ఏస్తే వాళ్లే చదువుకుంటారు గదా!"

పాండిచ్చేరిలో బస్టాండు దగ్గర లాడ్జిలో దిగి, ప్రార్థన చేసుకుని పడుకున్నాను.

మర్నాడు పదిన్నరకు నా వంతు. చదవడం ముగించి, కాగితాలు మడిచి, మా చర్చి సంఘంలో వాక్యం చెప్పి దిగినట్టే వేదిక దిగిపోయాను. మా దగ్గర ప్రసంగీకుణ్ణి ఎవరూ ప్రశ్నించరు. ప్రశ్నలున్నాయని అధ్యక్షుడు వెనక్కి పిలిచాడు. హాలంతా నవ్వింది.

సుగుణ గారనే అధ్యాపకురాలు లేచి, పట్టికలో ఆదివారాలు ఎందుకు లేవని అడిగారు. ఆరాధన దినం కనుక వెళ్లలేదన్నాను. ఆ రోజు రేవులో ఏం జరుగుతుందన్నారు. పట్టికకేసి చూసుకున్నాను. మా రేవులో చేపల సంత ఆదివారమే.

టీ విరామంలో ఆమె తెలుగులో పలకరించారు. సొంత ఊరు యానాం.

"ఏమనుకోకండి మాస్టారూ. మీరు చర్చికెళ్లారని గద్దలూ వెళ్లవు కదండీ!"

నవ్వి, టీ గ్లాసు పక్కన పెట్టాను. "గ్రంథం వేసవిలో ఇచ్చెయ్యాలండీ."

"ఇచ్చేశాక ఎవరైనా అడిగితే ఏం చేసేవారండీ? రేపు పొద్దున్న ఇక్కడికి దగ్గరి జాలరిపల్లె కాలాపేట వెళ్లి, పడవలొచ్చే వేళ చూడండి."

శనివారం కాలాపేట బస్సెక్కాను. ఆడవాళ్లు చేపలు కోస్తుంటే తలమీద గద్దలు సుడులు తిరుగుతున్నాయి. బుట్టలు తలకెత్తుకుని అందరూ కదిలిపోగానే ఆకాశం ఖాళీ. ఒళ్లు మరచి చూస్తూ నిలబడ్డాను. మా ఆదివారం సంతలోనూ ఇలాగే వాలుతుంటే, అవి తీరం విడిచిపోలేదు, నేను లేని రోజున వస్తున్నాయి; నా తీర్మానం నిలవదు.

మధ్యాహ్నం మద్రాసు బస్సు, సాయంత్రం రైలు. గూడూరు దాటేసరికి తేల్చుకున్నాను. ఈ వేసవికి గ్రంథం ఇవ్వను, పదవి ఆగితే ఆగనీ. మా రేవులో ఎన్నేళ్లు లెక్కపెట్టినా నాకు తట్టని సంగతి, కొత్తవాళ్ల ముందు నిలబడితే ఒక్క పూటలో బయటపడింది. తోటి అధ్యాపకులకు ఈ ప్రయాణం తప్పక చేయమని చెబుతాను.

తెల్లవారితే ఆదివారం. ఉదయం సంతకు, సాయంత్రం ఆరాధనకు వెళతాను. ప్రభువు కొండమీది ప్రసంగంలో ఆకాశపక్షులను చూడమన్నది ఏ వారమో సువార్తలో రాసి లేదు.