డబ్బాలో నేను పోసిన నీళ్లు

ఐదేళ్ల కిందట ఒక పరిశోధక విద్యార్థిని నన్నొక చిన్న ప్రశ్న అడిగింది. జవాబు తెలిసినవాణ్ణి ఈ భూమ్మీద నేనొక్కణ్ణే. అయినా చెప్పలేదు. పైగా అబద్ధమాడాను.

ఆ సంగతి ఇప్పుడు రాయడానికి కారణం మొన్న పోస్టులో ఆమె పంపిన పుస్తకం. నల్లటి అట్ట, బంగారు రంగు అక్షరాలు. శెనిక్కాయ పొట్టును బొగ్గు చేసి, దానికి పటిక పట్టించి, బోరు నీళ్లలోని ఫ్లోరైడును ఎలా తీసెయ్యవచ్చో చెప్పే పీహెచ్‌డీ గ్రంథం. అందులో నాకు అర్థమయ్యే పుట ఒక్కటే, కృతజ్ఞతల పుట. చదివాను. గైడు తర్వాత, అమ్మానాన్నల కంటే ముందు, నేనున్నాను. ‘ఏనాడూ మంచి నీళ్లకు లోటు రానివ్వని మా ల్యాబ్ అన్నకు’ అని రాసింది. మా ఆవిడ ఆ వాక్యాన్ని పక్కింటివాళ్లకు కూడా చదివి వినిపించింది. నేను మాత్రం ఆ పూట అన్నం సరిగా తినలేకపోయాను.

నేను కడపలో ఒక ఇంజనీరింగు కాలేజీలో, పర్యావరణ విభాగం ల్యాబులో అసిస్టెంటును. సీసాలు కడగడం, మందులు తూచి పెట్టడం, డిస్టిల్డ్ వాటర్ తయారు చేయడం నా పని. నీళ్లు మరిగి, ఆవిరై, చల్లబడి, చుక్కచుక్కగా దిగాలి. ఒక డబ్బా నిండడానికి రోజంతా పడుతుంది. మా కడప నీళ్ల సంగతి తెలిసిందే కదా, నాలుగు రోజులు మరిగిస్తే చాలు, నీళ్లు కాచే కాయిలు చుట్టూ సున్నపు గార గోడకు పూత పూసినట్టు పేరుకుంటుంది. వారానికొకసారి యాసిడ్ పోసి ఆ గార కడగాలి. కడిగినట్టు రిజిస్టరులో ప్రతి శనివారం సంతకం పెట్టేవాణ్ణి. సంతకం మాత్రం ఏ వారమూ తప్పలేదు.

ఆ అమ్మాయిది కోయిలకుంట్ల. వాళ్ల నాన్న దూది ఏకి పరుపులు కుడతాడు. కూతుర్ని చేర్పించడానికి వచ్చిన రోజు, చంకలో బూరుగు దూది దిండొకటి పెట్టుకుని వచ్చి నా చేతికిచ్చాడు. “మా పాప ఈడ కొత్త. నువ్వే చూసుకోవాలప్పా,” అన్నాడు. ల్యాబులో నా ఇనుప స్టూలు మీద ఆ దిండు వేసుకున్నాను. ఇరవై ఏళ్లలో ఆ స్టూలు మీద నడుము నొప్పి లేకుండా కూర్చున్నది అప్పటినుంచే.

ఆ అమ్మాయి పరిశోధన మొదలయ్యాక మా ల్యాబు నూనె మిల్లు అయిపోయింది. వాళ్ల నాన్న బస్సు మీద వేసి పంపే పొట్టు మూటలు, వాటిని కాల్చిన వాసన. మూడో సంవత్సరం పిల్లలు తలుపులో తల పెట్టి, “అక్కా, వొట్టి వాసనేనా, లోపల కాయలేమన్నా ఉండాయా?” అని అడిగేవారు. ఆ పిల్లలకు ల్యాబు క్లాసు చెప్పేది కూడా తనే. మొదటి రోజు ఎవరింటి నీళ్లు వాళ్లు సీసాలో తెమ్మనేది. రాజంపేట, మంగంపేట, ఇంకా నేను పేరు కూడా వినని ఊళ్లు, బల్ల మీద వరసగా నిలబడేవి. ఒక్కొక్కదాంట్లో ఎర్ర మందు వేస్తే, ఫ్లోరైడు ఎంత ఎక్కువుంటే రంగు అంత పలచబడేది. తన ఊరి సీసా వెలవెలబోయిన కుర్రాడికి ఆ ఏడాదంతా ఆటపట్టింపులే.

మా ల్యాబులో ఒక అలవాటుండేది. పరీక్షకు ముందు ఉత్త డిస్టిల్డ్ వాటర్‌లో మందు వేసి, అందులో ఏమీ లేదని చూసుకోవాలి. దాన్ని బ్లాంకు అంటారు. రోజూ చూడాల్సిన ఆ బ్లాంకును మేము సోమవారం ఒక్కసారి చూసి, శనివారం దాకా అదే చెల్లుబాటు చేసుకునేవాళ్లం. ఆ సులువు ఆ అమ్మాయికి నేర్పిందీ నేనే.

తన మొదటి రివ్యూ ఒక శనివారం పెట్టారు. ఆ వారం బుధవారం నాడు, గార పట్టిన కాయిలు కాలిపోయింది. కొత్తది కావాలని రాస్తే, ఎందుకు కాలిందని పెద్దసారు అడుగుతాడు. రిజిస్టరు తెరుస్తాడు. భయపడి, సీసాలు కడుక్కోవడానికే కదా అనుకుని, డబ్బాలో ఫ్లోరైడున్న హాస్టలు బోరు నీళ్లు నింపాను. గురువారం ఆ అమ్మాయి వచ్చి, పొట్టు బొగ్గుతో చేసిన ఫిల్టరు నుంచి దిగిన నీళ్లను పరీక్షకు పలచన చేయడానికి ఆ డబ్బా నీళ్లే కలిపింది. చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి నుదురు ముడేసుకుని నా దగ్గరికొచ్చింది.

“అన్నా, నీళ్లు మంచివే కదా? ఫ్లోరైడు శానా చూపిస్తాండాది.”

“నీళ్లకేమైందిమా, ఎప్పుడూ ఉండేటివే,” అన్నాను.

శనివారం, బయటినుంచి వచ్చిన నిపుణుడు ఆ అంకెలు చూసి, “ఈ బొగ్గు పొయ్యిలోకైతే బాగా పనికొస్తుందమ్మా,” అన్నాడు. అందరూ నవ్వారు. మూడు నెలల్లో ఫలితం చూపించకపోతే రిజిస్ట్రేషను రద్దు అన్నారు. నేను టీ గ్లాసులు అందిస్తూ అక్కడే ఉన్నాను. ఒక్క మాట చెబితే సరిపోయేది. గ్లాసులు ఏరుకుని బయటికొచ్చాను.

సోమవారం సొంత డబ్బుతో కొత్త కాయిలు తెచ్చి బిగించాను. ఆ అమ్మాయి ఏడ్చిందో లేదో నాకు తెలియదు. బుధవారానికి కొత్త పొట్టు మూట దిగింది. మొదటినుంచి మొదలుపెట్టింది. ఈసారి మాత్రం ప్రతి సీసాకు ముందు బ్లాంకు. పిల్లలకూ అదే నియమం. వాళ్లు ‘బ్లాంకక్క’ అని పేరు పెట్టారు. పిలిస్తే పలికేది కూడా. మూడు నెలలూ నేను ప్రతి శనివారం ఆ గారను నిజంగానే కడిగాను. అంతకు మించి ధైర్యం రాలేదు.

రెండో రివ్యూలో ఆ అమ్మాయి అంకెలు చూపించలేదు. రెండు గ్లాసులు పెట్టింది. ఒకదాంట్లో వాళ్లూరి బడి బోరు నీళ్లు, ఇంకొకదాంట్లో అవే నీళ్లు ఫిల్టరు దాటినవి. మందు సీసా ఆ నిపుణుడి చేతికే ఇచ్చి, “మీరే వేయండి సార్,” అంది. మొదటి గ్లాసు పాలిపోయింది. రెండోది దానిమ్మ గింజలా ఎర్రగా నిలిచింది. ఆయన గ్లాసును కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు చూశాడు. తర్వాత కాలేజీ భాషంతా మరిచిపోయి, “మా ఊర్లో ఈ పొట్టు గుట్టలు గుట్టలుగా పడుండాది గదమ్మా!” అన్నాడు. ముందు చప్పట్లు కొట్టింది ఆయనే. ఆ ఏడాదే ఆ బడిలో ఫిల్టరు పెట్టారు. ఊరందరి ముందూ ఆ అమ్మాయి మందు వేసి చూపిస్తుంటే ఒక అవ్వ, “ఎర్రనీళ్లు తాగమంటావేందే?” అని కసిరింది. “తాగేది కాదవ్వా, చూసేది. తాగేది ఇదీ,” అని ముందు తనే ఒక లోటా తాగింది. వాళ్ల నాన్న గుంపులో వెనక నిలబడి, గడ్డానికి అంటుకున్న దూది తుడుచుకునే నెపంతో కళ్లు తుడుచుకున్నాడు.

ఇప్పుడా అమ్మాయి కర్నూలులో ఒక కాలేజీలో పాఠాలు చెబుతోంది. పుస్తకం వచ్చిన మరుసటి రోజు బస్సెక్కాను. వెళ్లేసరికి ల్యాబు క్లాసు జరుగుతోంది. బల్ల మీద ఊళ్ల పేర్లతో సీసాలు. నన్ను చూసి మొహమంతా నవ్వయి, వెనక స్టూలు చూపించి, పాఠం కొనసాగించింది.

“నా మొదటి రివ్యూలో నా ఫిల్టరు పొయ్యిలోకి పనికొస్తుందన్నారు. ఎందుకో తెలుసా? బ్లాంకు చూసుకోలేదు. తప్పు నాదే.”

పిల్లలు నవ్వారు. ఐదేళ్లుగా ప్రతి బ్యాచికీ ఈ మాట చెబుతోందని అప్పుడర్థమైంది. లేచి నిలబడ్డాను.

“కూర్చోన్నా,” అంది.

“కూర్చోనుమా. మీ నాయనిచ్చిన దిండు మీద ఇన్నేండ్లు కూర్చున్నా, చాలు.” పిల్లల వైపు తిరిగాను. “తప్పు మీ మేడంది కాదప్పా. ఆ వారం డబ్బాలో ఉండింది బోరు నీళ్లు. పోసింది నేను. నీళ్లు మంచివేనా అని అడిగితే మంచివే అని చెప్పిందీ నేనే.” మళ్లీ ఆ అమ్మాయి వైపు తిరిగాను. “నన్ను క్షమించుమా.”

డబ్బాడు మంచి నీళ్లు చుక్కచుక్కగా దిగడానికి ఒక రోజు పట్టేది. ఈ ఒక్క మాట దిగడానికి నాకు ఐదేళ్లు పట్టింది.