గౌరి తాలూకు ఎవరు?

2017 వేసవి మొదట్లో నన్ను లేబర్ వార్డు నుంచి గైనిక్ ఆపరేషన్ థియేటర్‌కి మార్చారు. విశాఖపట్నంలో అదొక పెద్ద ఆసుపత్రి. పేరు రాయను, దానితో పని లేదు. నా ఉద్యోగం ఎఫ్.ఎన్.ఓ., అంటే ఫిమేల్ నర్సింగ్ ఆర్డర్లీ. జనం ఆయా అంటారు, నేనూ అదే అంటాను. పైన ప్రొఫెసర్ మేడమ్, ఆవిడ తరవాత అసోసియేట్ మేడమ్, ఆ తరవాత పీజీ డాక్టర్లు. ఇటు హెడ్ సిస్టరు, స్టాఫ్ నర్సులు. అందరి కిందా మేము. పేషెంటుకి బట్టలు మార్చి స్ట్రెచర్ మీద లోపలికి తేవడం, ఆపరేషన్ అయ్యాక వార్డుకి దింపడం, బయట కూర్చున్న చుట్టాలతో మాట్లాడటం మా పని.

అక్షరం ముక్క రాకుండానే ఉద్యోగంలో చేరాను. నలభై దగ్గర పడ్డాక మా పేటలో పెద్దవాళ్ళకి బడి పెడితే వెళ్ళి దిద్దుకున్నాను. అప్పటిదాకా థియేటర్ మాటలన్నీ చెవితో పట్టినవే. గర్భసంచి తీసేస్తే హిస్టరెక్టమీ. సంచి ఉంచి అందులో గడ్డ మాత్రం తీస్తే మయోమెక్టమీ. పిండం సంచిలో కాకుండా పక్క గొట్టంలో పడితే ఎక్టోపిక్. ఆ గొట్టం పగిలిందంటే ఇక అందరం పరుగే. కాన్పయ్యాక రక్తం ఆగకపోతే పీపీహెచ్. ముందు కాన్పు కోసి తీసినవాళ్ళ కేసు షీటు మీద ప్రీవియస్ ఎల్.ఎస్.సి.ఎస్. అని రాస్తారు. చదవడం వచ్చాక ఆ మాటల్ని కాగితం మీద చూసి, ఓహో దీని మొహం ఇలా ఉంటుందా అనుకున్నాను.

ఈ మాటల్లో చాలావాటి వెనక రక్తం ఉంటుంది. బ్లడ్ బ్యాంకులో ఒక పద్ధతి ఉంది. పేషెంటుకి ఎన్ని బ్యాగులు ఎక్కిస్తారో అన్ని బ్యాగులు వాళ్ళ తాలూకు మనుషులు ఇవ్వాలి. గ్రూపు కలవాలని లేదు. ఇచ్చినది బ్యాంకులో ఉంచుకుని, కావలసిన గ్రూపు తీసి, క్రాస్ మ్యాచింగ్ చేసి, అంటే రెండు రక్తాలూ కలిపి పడతాయో లేదో చూసి ఇస్తారు. థియేటర్ తలుపు తీసుకుని వరండాలోకి వచ్చి "ఫలానా ఆమె తాలూకు ఎవరు?" అని కేకెయ్యడం నా డ్యూటీ. కేక వినగానే ఆడవాళ్ళు లేచి నిలబడతారు. మగవాళ్ళు కూర్చుని చెప్పులు వెతుక్కుంటారు.

"రక్తానికి ఇద్దరు రావాలి" అంటాను.

"నాది ఏరే గ్రూపు ఆయమ్మా."

"ఏ గ్రూపైనా పర్లేదు."

"అయితే టీ తాగొచ్చేత్తాను."

అలా టీకి వెళ్ళినవాడు ఆనందపురం దాటేసి ఉంటాడని మేం నవ్వుకునేవాళ్ళం. నా నోరు మంచిది కాదు. వరండా అంతా వినేలా, "పెళ్ళాం ఒంట్లోంచి బకెట్టుడు పోతంది. నీ ఒంట్లోంచి గ్లాసుడు ఇమ్మంటే లాగు తడిసిపోతందా?" అనేదాన్ని. జనం నవ్వేవారు. పీజీ డాక్టర్లు కూడా లోపలికి వెళ్ళి నవ్వుకునేవారు. ఆ నవ్వుకి సిగ్గుపడి కొందరు వచ్చి ఇచ్చేవారు. అందుకని అదే సరైన మందు అనుకున్నాను.

నా కొడుకు నూకరాజు పోర్టులో ఖలాసీ. ఓడలోంచి సరుకు దించేటప్పుడు క్రేను కొక్కేలకి ఇనప గొలుసులు తగిలించే పని. మనిషి గోడలా ఉంటాడు. కోడలు గౌరి సముద్రం మీద వేటకెళ్ళే ఇంటి పిల్ల. మొదటి కాన్పు కోతే అయింది, ఆడపిల్ల. నేను థియేటర్‌కి వచ్చిన కొన్నేళ్ళకి రెండోసారి కడుపుతో ఉంది. అయిదో నెలలో సీతమ్మధారలో స్కానింగ్ తీయిస్తే, మాయ కిందికి ఉంది, గర్భసంచి నోటికి అడ్డం పడింది అన్నారు. ప్లసెంటా ప్రీవియా అంటారు దీన్ని. నెలలు నిండేకొద్దీ కొందరికి పైకి జరుగుతుంది, కొందరికి జరగదు. గౌరికి జరగలేదు. బిందెలెత్తొద్దని గౌరికి చెప్పాను. బిందెలెత్తనివ్వొద్దని నూకరాజుకీ చెప్పాను.

ఎనిమిదో నెల నడుస్తుండగా ఒక ఉదయం, నేను డ్యూటీలో ఉండగానే, ఆటోలో తీసుకొచ్చాడు. చీర మొత్తం ఎర్రగా ఉంది. గౌరి నన్ను చూసి, "నొప్పి నేదత్తా, ఒలికిపోతంది అలాగ" అంది. నొప్పి లేకుండా రక్తం పోవడమే ప్రీవియాకి గుర్తు. నొప్పి లేదని సంతోషించడానికి లేదు.

అసోసియేట్ మేడమ్ స్కాన్ చేసి నూకరాజుని, నన్ను పక్కకి పిలిచింది. మాయ పాత కుట్టు మీద కూర్చుంది, గోడలోకి పాతుకున్నట్టు కనబడుతోంది అంది. అక్రీటా అంటే అదే. మామూలుగా పిల్ల పుట్టాక మాయ దానంతటది ఊడి వస్తుంది. పాతుకుపోయినది ఊడదు. పీకితే రక్తం ఆగదు. అప్పుడు పిల్లని తీసి, మాయతో సహా సంచి కూడా తీసెయ్యాలి, సిజేరియన్ హిస్టరెక్టమీ. నాలుగు బ్యాగులు సిద్ధంగా ఉండాలి అని మేడమ్ చెప్పింది. నూకరాజు తలూపుతూ విన్నాడు. సంచి తీసినా ఒప్పుకుంటాను అన్న కాగితం మీద గబగబా సంతకం పెట్టాడు.

"రక్తానికి నాను, మా గేంగులోంచి ముగ్గురు. పోన్ సేసి పిలిసేత్తాను" అన్నాడు.

ఆ మాట మీద బ్లడ్ బ్యాంకు వాళ్ళు ముందు రెండు బ్యాగులిచ్చారు. ఇంటి మనిషి ఆపరేషన్‌కి మేము లోపల ఉండకూడదు. మేడమ్ నన్ను బయటే ఉండమంది. ఉన్నాను.

కాసేపటికి పీజీ డాక్టరమ్మ తలుపు తీసింది. మాస్కు కిందికి లాగి, "ఆదెమ్మా, పాప పుట్టింది, ఏడ్చింది. మాయ రావడం లేదు. మేడమ్ సంచి తీసేస్తున్నారు. రెండు బ్యాగులూ అయిపోయాయి. డోనర్లేరీ?" అంది.

మనుషుల్ని పిలవడానికని బయటికెళ్ళిన నూకరాజుకి ఫోన్ చేశాను. స్విచ్చాఫ్. వాడి గ్యాంగులో వాడే, చిన్నప్పట్నుంచి తెలిసిన సింహాచలానికి చేశాను.

"రగతమా పిన్నీ? నాకేటీ సెప్పనేదే. ఇందాక పూర్ణా మార్కెట్ కాడ కనపడినాడు. ఏటిరా ఇక్కడున్నావంటే, తలనొప్పి అని ఎలిపోనాడు."

ఎవరికీ ఫోన్ చెయ్యలేదన్నమాట.

నేను సింహాచలాన్ని రమ్మన్నాను. అప్పటికే గాజువాక వైపు వెళ్ళిపోయాడు, ట్రాఫిక్ దాటి రావాలి. ఈలోగా చెయ్యవలసింది ఒకటే ఉంది. వరండాలోకి వెళ్ళాను. అలవాటుగా నోరు తెరిచాను. "గౌరి తాలూకు ఎవరు?" అని కేకేశాక తెలిసింది, గౌరి తాలూకు నేనే. ఎవరూ లేవలేదు. ఎవరైనా ఇద్దరు ఇవ్వండి బాబూ, నా కోడలు అన్నాను. అలా అడుక్కోవడం ఆ వరండాకి కొత్త.

స్తంభం దగ్గర కూర్చున్న ఒకాయన, ముందు రోజు నా చేత తిట్లు తిన్నవాడు, మెల్లగా అన్నాడు. "ఆయమ్మా, మీ ఓడి లాగు ఎక్కడ ఆరేసినావు?"

అందరూ నవ్వారు. నేను ఏళ్ళ తరబడి వాళ్ళకి నేర్పిన నవ్వే. ముసుగేసుకునే అలవాటు లేనిదాన్ని, కొంగు నెత్తి మీదికి లాక్కున్నాను.

బ్లడ్ బ్యాంకుకి వెళ్ళి నాది తీసుకోమన్నాను. టెక్నీషియన్ వేలు మీద పొడిచి చూశాడు. హిమోగ్లోబిన్ పన్నెండున్నర ఉంటే గాని తీసుకోరు, నాది పదికి కూడా లేదు. "రూలు మీకు తెలీదేటమ్మా, అందరికీ మీరే సెప్తారు కదా" అన్నాడు. అతను తప్పుగా అనలేదు. చివరికి మేడమ్ థియేటర్‌లోంచే ఫోన్ చేయించి, ప్రాణం మీదికొచ్చిన కేసు, డోనర్లు తరవాత వస్తారు అని తన పేరు మీద రాయించింది. రెండు బ్యాగులు ఐస్ డబ్బాలో పెట్టించుకుని మెట్లెక్కి పరుగెత్తాను. తలుపు దగ్గర అందించాను. అవి ఎవరివో నాకు తెలీదు. ఎక్కడో క్యాంపులో పడుకుని ఇచ్చినవాళ్ళవి. సింహాచలం వచ్చేసరికి లోపల కుట్లు వేస్తున్నారు. గౌరి బతికింది.

సాయంత్రం నూకరాజు కొబ్బరిబోండం పట్టుకుని వచ్చాడు.

"ఎక్కడికి పోనావురా?"

"భయమేసిందమ్మా."

"గొలుసులు మోసేవోడివి, సూదికి భయమా?"

"సూదికి కాదు. నా రగతం ఆ సంచీలోకి దిగతంటే సూడాల. అదీ భయం. పోర్టులో ఓ పాలి క్యాంపు పెడితే, ఎవుడిదో సూసి పడిపోనాను. అందరూ నవ్వినారు. ఇక్కడ నీ ముందర పడిపోతే నువ్వేటంటావో నాకు తెల్దా?"

నా దగ్గర వందసార్లు వాడిన తిట్టు సిద్ధంగా ఉంది. నోటిదాకా రాలేదు. వాడు అంత భయపడింది దేనికో అప్పుడు తెలిసింది. ఆసుపత్రికి వచ్చినప్పుడల్లా వరండాలో వాడి చెవిన పడ్డ గొంతు నాదే.

మూడో రోజుకి గౌరికి మాట నిలకడగా వచ్చింది. సంచి తీసేశారని పీజీ డాక్టరమ్మ చెప్పింది. గౌరి విని, పిల్ల పాలు తాగుతోందా అని అడిగింది. తాగుతోందన్నాను. తరవాత, "రగతం ఆయనిచ్చినాడా అత్తా?" అంది.

వార్డులో మాకొక అలవాటు ఉంది. ఎవరిచ్చినా, ఎవరూ ఇవ్వకపోయినా, మీ ఆయనే ఇచ్చాడమ్మా అని చెప్పేస్తాం. కుట్లతో ఉన్న మనిషికి అంతకన్నా ఎందుకు అని. ఎంతమందికి చెప్పానో గుర్తులేదు. నూకరాజు మంచం కాళ్ళ దగ్గర నిలబడి నా మొహం చూస్తున్నాడు. ఆ ఒక్క మాట చెప్పమని అడుగుతున్నాడని తెలుస్తూనే ఉంది. నా కొడుకు పరువు, నా పరువు ఆ మాటలో ఉన్నాయి.

"లేదమ్మా. వాడివ్వలేదు, ఎలిపోనాడు" అన్నాను.

గౌరి నా వైపే చూసి, "నాకు తెల్సులెండి. ఇచ్చినోడైతే ఈ పాటికి పదిసార్లు సెప్పుకుందుడు" అంది. నవ్వబోతే కుట్లు లాగి ఆగిపోయింది. నూకరాజు బయటికి వెళ్ళిపోయాడు. నాకూ అక్కడ నిలబడటం కష్టమైంది. వాడి తరఫున సిగ్గుపడాలో, నా తరఫున పడాలో తేల్చుకోలేక, బెడ్ షీటు మార్చే వంకతో పక్క మంచం దగ్గరికి జరిగాను.

బ్యాంకుకి ఇవ్వాల్సిన రక్తంలో ఒక బ్యాగు సింహాచలం ఆ రోజే ఇచ్చాడు. మిగతా మూడూ గౌరి తమ్ముడు, అతని పడవలో వాళ్ళు ఇద్దరు ఇచ్చారు. వేట నుంచి ఒడ్డుకి దిగి, ఉప్పు వాసనతోనే వచ్చారు. వాళ్ళని ఆటోలో తెచ్చింది నూకరాజే. ఆటోలోనే కూర్చున్నాడు, లోపలికి రాలేదు.

ఆ తరవాత నేను రెండు పనులు మార్చాను. మొదటిది, హెడ్ సిస్టర్‌తో మాట్లాడి, ప్రీవియా అని స్కానింగ్‌లో తేలిన ఆడవాళ్ళ తాలూకు వాళ్ళని ఓపీ రోజుల్లోనే పిలిచి రక్తం సంగతి చెప్పించాను. థియేటర్ తలుపు దగ్గర మొదటిసారి అడిగితే ఆలస్యమే. రెండోది, వరండాలో కేకెయ్యడం మానేశాను. ఒక్కొక్కణ్ణి డ్రెస్సింగ్ గదిలోకి పిలిచి, తలుపు వేసి, "భయమా?" అని ముందు అడిగేదాన్ని. చాలామంది అవునన్నారు. అలా ఒప్పుకున్నవాళ్ళలో ఎక్కువమంది కళ్ళ మీద గుడ్డ వేయించుకుని ఇచ్చారు. మీసాలు మెలేసినవాళ్ళు కూడా గుడ్డ అడిగారు. పరువు పోతుందన్న భయమే మనిషిని ఎక్కువ దూరం పరిగెత్తిస్తుందని నాకు తెలిసింది. నలుగురి ముందు అడిగినన్నాళ్ళూ దాన్ని నేనే పెంచాను.

రిటైరయ్యేదాకా ఆ గదిలో ఎంతోమందిని అడిగాను. నూకరాజుని ఒక్కసారి కూడా అక్కడికి పిలవలేదు. పిలిస్తే వస్తాడేమోనని కూడా అనిపించింది. కాని తలుపు వేసి వాడి ఎదురుగా కూర్చోవడానికి నాకే మొహం చెల్లలేదు.