పక్క సీట్లో ఇసుక బస్తా

కార్లను పరీక్షించే ఆ ఆఫీసులో అతన్ని అందరూ మెత్తకాలు అనే పిలుస్తారు. ఆ బిరుదు ఊరికే రాలేదు. యాక్సిలరేటర్ మీద అతను కాలు పెడితే, పెట్టిన సంగతి బండికి కూడా తెలియదని చెప్పుకుంటారు. అదే కారు, అదే డీజిలు. ఇంకొకడు నడిపితే ఒక మైలేజీ వస్తుంది, మెత్తకాలు నడిపితే అంతకన్నా నాలుగు మెట్లు పైనే వస్తుంది. అందుకే కొత్త కారు పరీక్షకు పంపిన కంపెనీవాళ్ళు, "మా బండి ఆయన చేతే నడిపించండి సార్" అని బతిమాలుకునేవాళ్ళు.

నడపడమంటే రోడ్డు మీద అనుకునేరు. నాలుగు గోడల మధ్య. కిటికీ అన్నది లేని గది, నేలలో ఇనుప రోలర్లు, వాటి మీద కారు చక్రాలు. చక్రాలు గిర్రున తిరుగుతుంటాయి, కారు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఎదురుగాలి కావాలి కాబట్టి ముందు మనిషంత ఫ్యాను పెడతారు. పక్కనే ఒక తెర, ఆ తెర మీద ఒక గీత. గీత పైకి వెళ్తే వేగం పెంచాలి, కిందికి దిగితే తగ్గించాలి. గీత తప్పితే కథ మళ్ళీ మొదటికొస్తుంది. దగ్గొస్తే మింగుకోవాలి, ముక్కు దురదపెడితే ఓర్చుకోవాలి. ఇంజను చల్లగా ఉండగానే పరీక్ష మొదలవ్వాలి కనుక ముందు రోజే కారు తెచ్చి ఉంచి, స్టార్టు చేయకుండా నలుగురూ చేతులతో నెట్టుకుంటూ ఆ గదిలోకి తెస్తారు. తలుపు మూశాక లోపల అతనొక్కడే. అద్దాలు మూసి ఉంటాయి, ఏసీ ఉండదు, రేడియో ఉండదు. గానుగెద్దుకైనా వెనక అదిలించేవాడు ఒకడుంటాడు. మెత్తకాలికి ఆ పాటి తోడు కూడా లేదు.

పెళ్ళయిన కొత్తలో ఈ ఉద్యోగం సంగతి విని అతని భార్య పడీపడీ నవ్వింది.

"పొద్దుటినుంచి సాయంత్రం దాకా కారు నడిపి ఎక్కడికీ వెళ్ళలేదా? మీకు జీతమిచ్చే మహానుభావుల్ని ఒక్కసారి చూడాలండీ!"

ఆమెకు మాటలంటే ప్రాణం. కూరగాయల కోసం వెళ్ళి సంచీ నిండా కబుర్లతో తిరిగొచ్చే రకం. అయితే ఇంట్లో కారు కొన్నాక ఆ కబుర్లకు అడ్డుకట్ట పడింది. ఆదివారం సరదాగా బయల్దేరినా సరే, స్టీరింగు పట్టుకోగానే అతని కళ్ళకు ఆ గీతే కనబడేది. ఆమె అద్దం దించబోతే, "వద్దు, గాలికి మైలేజీ పోతుంది" అనేవాడు. ఏసీ మీద చెయ్యి వేస్తే మళ్ళీ అదే మాట. ఏదైనా చెప్పబోతే, "ఉండు, ఈ ఎత్తెక్కనీ" అనేవాడు. ఎత్తెక్కాక, ఇందాక నువ్వు చెప్పబోయిందేమిటని అడగడం మాత్రం ఎన్నడూ గుర్తుండేది కాదు. ఇంటికొచ్చాక లీటరుకి ఎంత వచ్చిందో లెక్కేసి మురిసిపోయేవాడు. కట్టుకున్నదాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఉక్కపోస్తుంటే పెట్రోలు మిగిల్చుకున్న మగవాణ్ణి తెలివైనవాడని ఎవరూ అనరు.

పిల్లల్లేరు. ఇంట్లో మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే, ఆ ఒక్కతీ మెల్లమెల్లగా మాట తగ్గించేసింది. చివరికి కొండ మీది ఊళ్ళో ఉన్న అన్నగారింటికి బయల్దేరింది. మేనకోడలికి పసిబిడ్డ, చూసుకునే మనిషి కావాలి అన్నది పైకి చెప్పిన కారణం. "కొన్నాళ్ళుండి వస్తాను" అంది. అతను సూట్‌కేసు మోసుకెళ్ళి బస్సెక్కించాడు. కొన్నాళ్ళు కాస్తా ఏడాదైంది, ఏడాది కూడా దాటింది.

ఫోన్లు ఉండేవి. "బాగున్నారా?" అని ఆమె అడిగేది. "ఆఁ" అనేవాడు. "తిన్నారా?" అంటే మళ్ళీ "ఆఁ". ఆ తర్వాత ఇద్దరూ ఒకరి ఊపిరి ఒకరు వింటూ ఉండేవాళ్ళు. "వచ్చెయ్యి" అన్న ఒక్క మాట గొంతు దాకా వచ్చి అక్కడే చిక్కుకుపోయేది. ఫోను పెట్టేశాక ఇల్లు బావురుమనేది. ఒక కంచం, ఒక గ్లాసు కడిగి బోర్లించి, ఆ రెంటినీ చూస్తూ నిలబడేవాడు. ఒంటరితనానికి చప్పుడుండదంటారు గానీ వాళ్ళింట్లో ఉంది. వంటింటి కుళాయి టపటపమని కారుతూనే ఉండేది. ఆమె ఉన్నన్నాళ్ళూ "ఈ కుళాయి ఏడుపు వినలేకపోతున్నానండీ" అని పోరింది. అప్పుడు అతనికి తీరిక దొరకలేదు.

ఇలా ఉండగా ప్రభుత్వం కొత్త నిబంధన తెచ్చింది. స్టిక్కరు మీద రాసిన మైలేజీ రోడ్డు మీద ఎందుకు రావడం లేదని కార్లు కొన్నవాళ్ళు గోల పెట్టారు మరి. గదిలో పరీక్ష ఒక్కటే చాలదు, నిజమైన రోడ్డు మీద, ఏసీ వేసుకుని, మామూలు మనిషి నడిపినట్టు నడిపి కూడా మైలేజీనీ, పొగనీ కొలవాలన్నారు. దారిలో ఊరి వీధులుండాలి, హైవే ఉండాలి, కొండ ఎత్తూ ఉండాలి. వెనక డిక్కీలో పొగను కొలిచే పెట్టె ఒకటి, పొగగొట్టం నుంచి దానిలోకి ఒక పైపు. మధ్యలో బండి పక్కకు తీసి ఆపితే ఆ రోజు పరీక్ష చెల్లదు.

పక్క సీట్లో ఒక మనిషి బరువు కూడా ఉండాలి. మొదట్లో ఒక ఇంజనీరు వచ్చి కూర్చునేవాడు. కొండ మలుపుల్లో కడుపులో తిప్పుతోందని ఆయన రెండో వారానికే చేతులెత్తేశాడు. ఆయన చోట ఒక ఇసుక బస్తాను కూర్చోబెట్టారు. బెల్టు పెట్టకపోతే కారు కుయ్యోమొర్రోమంటుంది కాబట్టి బస్తాకు బెల్టు కూడా పెట్టారు.

ఆ తర్వాత ఆఫీసువాళ్ళు కొత్తగా ఖాయం చేసిన దారిని మ్యాపులో చూసినప్పుడు మెత్తకాలి గుండె ఝల్లుమంది. ఆ రోడ్డు సరిగ్గా బావగారింటి ముందునుంచే పోతుంది.

మొదట వెళ్ళింది డీజిలు కారులో. ఆ ఇంటి ముందు ఒక స్పీడు బ్రేకరు ఉంది. అక్కడ వేగం తగ్గించి మళ్ళీ పెంచేసరికి ఇంజను గర్‌మని గొంతెత్తి, వెనక నల్లగా ఇంత పొగ వదిలింది. అతను అద్దంలోకి చూశాడు. ఇంటి కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి, తలుపు రెక్కను దగ్గరికి లాక్కుంది. ఆ చెయ్యి ఎవరిదో అతనికి ఒకరు చెప్పాలా? తరవాతి పరీక్షలోనూ అంతే. బండి గర్‌మంది, చెయ్యి వచ్చింది, కిటికీ మూసుకుంది.

మెత్తకాలికి ప్రాణం లేచొచ్చింది. నా బండి చప్పుడు గుర్తుపడుతోంది, కిటికీ దగ్గరికొచ్చి చూస్తోంది, చూసినట్టు నాకు తెలియకూడదని మూసేసుకుంటోంది, అనుకున్నాడు. అలక తీరలేదు కానీ ఆశ చావలేదన్నమాట. మనిషికి ఇంత దారం దొరికితే చాలు, చీర నేసేస్తాడు.

ఆ రోజు కొండ దిగుతూ బస్తా వైపు తిరిగి, "చూశావా?" అన్నాడు. అన్నాక తనకే ఆశ్చర్యమేసింది. ఎదురుగా తెర లేదు, గీత లేదు. మామూలు మనిషిలా నడపమన్నారు కదా, మామూలు మనిషిలా నోరు కూడా తెరుచుకుంది. ఇక అక్కణ్ణుంచి ఆగలేదు. ఏళ్ళ తరబడి మింగిన మాటలన్నీ ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ఆఫీసు సంగతులు చెప్పాడు, కుంటుతున్న మంచం కోడు సంగతి చెప్పాడు. ఒక ఆదివారం కుళాయి బాగుచేసిన వైనమైతే నవ్వాపుకుంటూ చెప్పాడు. "ఈసారి ఆగి అడిగేస్తాను, చూడు" అని కూడా అన్నాడు. అలా అన్న ప్రతిసారీ పరీక్ష చెల్లదని గుర్తొచ్చి, ఆగకుండా సాగిపోయేవాడు. పరీక్ష ఒక వంక మాత్రమేనని బస్తాకు కూడా తెలిసే ఉంటుంది.

తర్వాత కంపెనీవాళ్ళు ఆ డీజిలు కారును వెనక్కి తీసుకున్నారు. పొగకు పెట్టిన కొత్త హద్దుల్లో దానితో నెగ్గుకురాలేమని, దాని బదులు హైబ్రిడ్ పంపారు. నెమ్మదిగా పోయేటప్పుడు ఇంజను దానంతటదే ఆగిపోతుంది, బ్యాటరీ మీద బండి నడుస్తుంది. డీజిలు తాగడమూ లేదు, పెట్రోలు కూడా చెంచాతో దగ్గుమందు తాగినట్టు తాగుతుంది. ఆఫీసంతా మెచ్చుకుంది.

ఆ కారులో మెత్తకాలు స్పీడు బ్రేకరు దాటి అద్దంలోకి చూశాడు. కిటికీ తెరిచే ఉంది. చెయ్యి రాలేదు. రెండోసారీ రాలేదు, మూడోసారీ రాలేదు. కొండ దిగేటప్పుడు బస్తాతో ఒక్క మాటైనా అనలేకపోయాడు. అయిపోయింది, విసిగిపోయింది, ఇక చూడాలని కూడా అనిపించడం లేదు. ఆ వారమంతా అన్నం సహించలేదు.

మళ్ళీ వెళ్ళినప్పుడు స్పీడు బ్రేకరు పక్కన ఒక కుక్క నిద్రపోతోంది. డీజిలు బండి మలుపు తిరుగుతుండగానే లేచి తప్పుకునే కుక్క, ఈసారి బంపరు ముక్కు దగ్గరికి వచ్చేదాకా కన్ను తెరవలేదు. మెత్తకాలు గట్టిగా బ్రేకు తొక్కాడు. జీవితంలో అంత మొరటుగా అతను ఎప్పుడూ తొక్కలేదు. కుక్క ఒళ్ళు విరుచుకుని, ఎవరిదిరా ఈ బండి అన్నట్టు చూసి పక్కకు పోయింది.

అప్పుడు వెలిగింది. చప్పుడు లేదు! కుక్కకే వినపడలేదు, ఇంట్లో ఉన్న మనిషికి ఎలా వినపడుతుంది? ఆమె విసుగుపడలేదు, తను వచ్చినట్టు తెలియలేదు, అంతే. ఆ సంతోషంలో పరీక్షనీ పెట్టెనీ గాలికొదిలేసి బండి పక్కకు తీసి ఆపాడు. ఎడమ పక్క అద్దం దించి, హారన్ చిన్నగా ఒకసారి నొక్కాడు.

కిటికీలోంచి ఆమె తొంగిచూసింది. కాస్త నెరిసింది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ గేటు దాటి వచ్చి, అద్దంలోంచి వంగి చూసి నిర్ఘాంతపోయింది.

"మీరా! ఇదేమిటి, చెప్పా పెట్టకుండా?"

"ఈ రోడ్డే," అన్నాడు. "పరీక్ష. చాన్నాళ్ళుగా వస్తున్నాను. ఇంతకు ముందు డీజిలు బండిలో..."

"ఆ పొగబండి మీదేనా?" ఆమె బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "అయ్యో రామ! నాకేం తెలుసు? దాని మోత వినగానే పరిగెత్తి కిటికీ వేసేసేదాన్ని. ఆ పొగకి పసిదానికి ఒకటే దగ్గు. ఎవడో దిక్కుమాలినోడని రోజూ తిట్టుకునేదాన్ని. ఈమధ్య వాడి పీడ విరగడైందని హాయిగా ఉన్నాం."

మెత్తకాలు ఇన్నాళ్ళూ దాచుకున్న ఆశ అంతా పసిపిల్ల దగ్గు దగ్గర తేలింది.

ఆమె చూపు అప్పుడు పక్క సీటు మీద పడింది. బెల్టు పెట్టుకుని బుద్ధిగా కూర్చున్న బస్తాను ఎగాదిగా చూసింది.

"ఇదెవరండీ?"

"బరువు కోసం. మనిషి బదులు."

ఆమెకు నవ్వాగలేదు. ఆ నవ్వు పాతదే. "మొత్తానికి మీకు తగ్గ జోడీ దొరికింది. అద్దం దించమనదు, ఏసీ అడగదు, నోరెత్తదు!" అంది. నవ్వు ఆగాక, కారు తలుపు మీద చెయ్యి అలాగే ఉంచి అడిగింది. "పరీక్షలో బండి ఆపకూడదేమో కదా?"

"ఆపకూడదు. పాడైపోయింది."

"నాకోసం పాడుచేశారా?" ఆమె గొంతు మారింది. "ఏదో చెప్పాలనే వచ్చుంటారు. చెప్పండి, వింటాను."

అతను నోరు తెరిచాడు. మలుపు మలుపుకూ అప్పజెప్పుకున్న మాట అది. బస్తా ముందు ఎన్నిసార్లు తడుముకోకుండా అన్నాడో! ఆమె కళ్ళు ఎదురుగా కనిపించేసరికి బెల్లం కొట్టిన రాయిలా ఉండిపోయాడు. చేతులు స్టీరింగును వదల్లేదు. చూపు తిన్నగా ముందుకే ఉంది, అక్కడ గీత ఏదీ లేకపోయినా.

ఆమె ఎదురుచూసింది. అతనికి సాయం చేయాలనిపించిందో ఏమో, తనే ఒక మాట అందించింది.

"వంటింట్లో కుళాయి ఇంకా కారుతోందా?"

"లేదు."

"బాగుచేయించారా?"

"నేనే చేశాను."

"మీరే?" ఆమె కనుబొమలెత్తింది. ఇంకా ఏదో చెబుతాడని అతని మొహంలోకే చూస్తూ నిలబడింది. లోపల పసిపిల్ల లేచి ఏడుపు అందుకుంది. అయినా కాసేపు కదల్లేదు. తర్వాత మెల్లగా తలుపు మీద నుంచి చెయ్యి తీసింది.

"సరే, వెళ్ళిరండి. మలుపులు జాగ్రత్త."

గేటు మూసిన చప్పుడు వినిపించింది. హైబ్రిడ్ కారు ఆమెకు వినపడకుండానే కదిలిపోయింది.

దిగుడులో ఇంజను దానంతటదే ఆగిపోయింది. ఒక మలుపు తిరిగాడు, ఇంకొకటి తిరిగాడు. ఆ తర్వాత గొంతు సవరించుకుని, "కుళాయి సంగతి చెబుతాను, విను" అన్నాడు. "మెయిన్ వాల్వు కట్టెయ్యాలని నాకు తెలియదే! అలాగే విప్పేశాను. నీళ్ళు సర్రున పైకప్పు దాకా లేచాయి. బొటనవేలు అడ్డం పెట్టి, నిలువెల్లా తడిసిపోయి, గావుకేకలు పెడితే ఎదురింటాయన పరిగెత్తుకొచ్చాడు. వాల్వు కట్టడం మానేసి గుమ్మంలో నిలబడి ఒకటే నవ్వు! నువ్వుంటే ఎంత నవ్వేదానివో అనుకున్నాను. కారడం ఆగిపోయాక ఇంట్లో ఆ చప్పుడు కూడా లేకుండా పోయింది. ఉండలేకపోతున్నానే. వచ్చెయ్యి."

ఒక్క మాట కూడా తడబడలేదు. బస్తా బెల్టు పెట్టుకుని కూర్చుని ఉంది.