వాసన రాని పొడి

మా పిన్ని పక్కన కూర్చుని భోంచేయాలంటే గుండె ధైర్యం కావాలి. రెండో ముద్ద నోట్లో పెట్టుకునేసరికి ఏ దూడ పేడ ఎలా వేసిందో మొదలుపెడుతుంది. రంగు, చిక్కదనం, పూటకు ఎన్నిసార్లు, ఒక్కటీ వదలదు. "ఒసేయ్, నీకు దణ్ణం పెడతాను, తిన్నాక చెప్పవే" అంటుంది మా అమ్మ. పిన్ని ఆగదు. అక్క చెప్పిన మాట విన్న చెల్లెలు మా ఇంట్లో ఇంతవరకు పుట్టలేదు.

అయినా ఆవిడ పనే అది. పదహారేళ్లు ఒక ఆస్పత్రి క్యాంటీన్‌లో వంట చేసింది. అది మూతపడ్డాక, పశువుల మందుల మీద పరిశోధన చేసే ఒక ల్యాబ్‌లో సీసాలు కడిగే పనికి చేరింది. చేతులు కడుగుతున్నా కళ్లు ఊరుకుంటాయా? పక్క బల్ల మీద ఏం కలుపుతున్నారో నాలుగు రోజులు చూసి, ఐదో రోజు "అంత స్పీడుగా తిప్పితే విరిగిపోతుందండీ" అంది. అన్నది ఎవరితోనో కాదు, సాక్షాత్తు డాక్టరమ్మతో. ఆవిడ పశువుల డాక్టరు, ఆ ల్యాబ్‌కు పెద్ద, పిన్ని కంటే పదిహేనేళ్లు చిన్న. కోప్పడకుండా "అయితే మీరే తిప్పండి అక్కా" అందట. అలా మొదలుపెట్టిన మనిషి ఆరేళ్లుగా తిప్పుతూనే ఉంది.

ఏం తిప్పుతుందో చెప్పాలి కదా. పాలు తాగే దూడలకు విరేచనాలు, అదే పారుడు, పట్టుకుంటే రెండు రోజుల్లో కళ్లు తేలేస్తాయి. యాంటీబయాటిక్‌లు వాడీ వాడీ, క్రిములు వాటికి లొంగడం మానేస్తున్నాయి. లవంగ నూనెకు ఆ క్రిముల్ని అణిచే గుణం ఉంది. కానీ ఆ ఘాటుకు దూడ మూతి తిప్పేసుకుంటుంది. బలవంతాన మింగించినా, చేరాల్సిన పేగులోకి చేరకముందే నూనె పని అయిపోతుంది. అందుకని దాన్ని కంటికి ఆనని పాలిమర్ రేణువుల్లో దాస్తారు. ఆ రేణువు కడుపు దాటి పేగులోకి వెళ్లాక, గంటల తరబడి కొంచెం కొంచెంగా నూనె వదులుతుంది. పాలిమర్ ద్రవంలో నూనె కలిపి, గిరగిరా తిరిగే నీళ్లలో సన్నటి ధారగా పోయాలి. వేగం ఎక్కువైతే దుమ్ము, తక్కువైతే ముద్దలు. ఆ తర్వాత వడకట్టి చల్లటి గదిలో ఫ్యాను కింద ఆరబెట్టాలి. వేడి తగిలిందా, పొర మెత్తబడి నూనె బయటికొచ్చేస్తుంది. కిటికీలోంచి ఎండ పడుతోందని పిన్ని తన పాత చీర కట్టేసింది ఆ గదికి.

పొడి తయారయ్యాక పరీక్షించడానికి ఖరీదైన యంత్రాలున్నాయి. అంతకంటే ముందు పిన్ని ముక్కు ఉంది. గిన్నె మీదికి వంగి గట్టిగా పీలుస్తుంది. లవంగం వాసన వచ్చిందంటే నూనె పైకి కారినట్టే, ఆ పొడి పారేయాల్సిందే. ఏ వాసనా లేకపోతే బాగా కుదిరినట్టు. యంత్రం సాయంత్రానికి తేల్చేది ఆవిడ పొద్దున్నే తేల్చేస్తుంది. ల్యాబ్‌లో అందరూ ముక్కు మేడం అంటారు. పైకి కసురుకుంటుంది గానీ, లోపల ఎంత మురిసిపోతుందో నాకు తెలుసు.

కిందటేడు ఆ పొడిని మొదటిసారి నిజం దూడల మీద పరీక్షించారు. ఒక డెయిరీ ఫారంలో ఇరవై దూడలు. ఒక కొట్టంలో పదింటికి పొడి కలిపిన పాలు, ఇంకో కొట్టంలో పదింటికి మామూలు పాలు. వాటిని చూసుకునే ఆయన్ని ఫారంలో అందరూ దూడల పెద్దాయన అంటారు. అవి తాగందే తను టీ చుక్క ముట్టడు. ఈ పరీక్ష గట్టెక్కితే పిన్నికి టెక్నీషియన్ పోస్టు ఇప్పిస్తానంది డాక్టరమ్మ. ఆలూ లేదు చూలూ లేదు, తెల్లకోటుకు కొలతలిచ్చి వచ్చింది మా పిన్ని.

రెండో రోజు పెద్దాయన ఫోన్ చేశాడు. పిన్ని చేతుల నిండా సబ్బు నురగ, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరుక్కుని ఉంది.

"అమ్మా, పొడి పాలల్లో కరగట్లేదు. బకెట్ అడుక్కి దిగిపోతోంది."

"కాస్త పాలు కాచి, వేడి మీద కలపండి పెద్దాయనా. అదే కరుగుతుంది."

అంతే, ఫోన్ పెట్టేసింది. ఆ మాట అన్నది ల్యాబ్ మనిషి కాదు, పదహారేళ్ల క్యాంటీన్. అసలు ఆ పొడి కరగకూడదు. గోరువెచ్చటి పాలల్లో గరిటెతో తిప్పుతూ పట్టించాలి. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అని ఊరికే అన్నారా? జారిన సంగతి కూడా పిన్నికి తెలియలేదు.

పదో రోజుకు చూస్తే రెండు కొట్టాలకూ తేడా లేదు. పైగా పొడి తాగే దూడలే పాలు సగం వదిలేస్తున్నాయి. సంగతేమిటో చూద్దామని డాక్టరమ్మ పిన్నిని వెంటబెట్టుకుని ఫారానికి వెళ్లింది. ఫారం యజమాని కూడా వచ్చి నిలబడ్డాడు. పెద్దాయన పొగలు కక్కుతున్న బకెట్ పట్టుకుని వచ్చాడు. ఇంకా పది అడుగుల దూరంలో ఉండగానే పిన్ని ముక్కుకు లవంగం తగిలింది.

"పాలు కాచారా? ఎవరు కాచమన్నారు?" అంది డాక్టరమ్మ.

పెద్దాయన ఒక్కసారి పిన్ని వైపు చూశాడు. తర్వాత బకెట్‌లోకి చూశాడు.

"ఎవరూ అనలేదమ్మా. కరగట్లేదని నేనే కాచాను."

యజమాని అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "పది రోజుల పని బూడిదలో పోశావు. రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు" అన్నాడు. డాక్టరమ్మ మాత్రం ఊపిరి పీల్చుకుంది. "పోనీలెండి, తప్పు పొడిది కాదు. మళ్లీ చేద్దాం" అని పిన్ని భుజం తట్టింది. పోస్టు పదిలం. కోటు పదిలం.

పిన్ని నోరు విప్పలేదు.

ఈ కథ ఆవిడ నాకు మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ ఇక్కడ ఆగింది. "పావుగంటే. పావుగంట ఊరుకున్నాను, అంతే" అంటుంది, నేను లెక్క అడిగినట్టు. ఆ పావుగంట అందరూ ఆఫీసు గదిలో టీ తాగారు. కిటికీలోంచి పెద్దాయన కనిపిస్తున్నాడు. భుజం మీది తువ్వాలుతో ఒక్కో దూడ మూతీ తుడుస్తూ, దానితో ఏదో చెబుతూ, రెండో దాని దగ్గరికి వెళుతున్నాడు. పిన్ని కప్పు కింద పెట్టేసింది.

"ఆయన తప్పేం లేదండీ. కాచమన్నది నేనే. ఫోన్లో చెప్పాను."

"మీరా? వేడి తగలకూడదని మీకు తెలీదా?" అంది డాక్టరమ్మ.

"నాకు తెలిసినంత ల్యాబ్‌లో ఎవరికీ తెలీదు. అయినా చెప్పాను."

ముక్కుసూటి మనిషి. క్షమించమని అడగడం కూడా దబాయించినట్టే ఉంటుంది. డాక్టరమ్మ "పోస్టు సంగతి ఏడాది తర్వాత చూద్దాం అక్కా" అంది. యజమాని గొణుక్కుంటూ పెద్దాయన్ని ఉండమన్నాడు. పెద్దాయనేమో బయట పిన్నిని పట్టుకుని చీవాట్లు పెట్టాడట.

"ఎందుకు చెప్పావమ్మా? ఇంకో రెండేళ్లయితే ఎలాగూ మానేసేవాణ్ణి."

"నాకు ముద్ద దిగొద్దా పెద్దాయనా?"

రెండోసారి పరీక్ష మొదలైంది. పిన్ని ఈసారి ప్రతి బకెట్ దగ్గరా తనే నిలబడింది. తొమ్మిదో రోజు మధ్యాహ్నం నేను ఆఫీసులో క్యారియర్ విప్పుతుంటే ఫోన్ మోగింది.

"ఏమే, పేడ గట్టిగా ఉందే! పదింటికి పదీ!"

ఆ కేకకు మా ఆఫీసులో నలుగురు స్పూన్లు దించారు. అవతలి కొట్టంలో నాలుగు దూడలకు పారుడు పట్టిందట, డాక్టరమ్మ వాటికి మందు మొదలుపెట్టిందట. పొడి తాగిన వాటిలో ఒక్కదానికీ లేదట.

"బకెట్ వాసన చూశావా?" అన్నాను.

"చూశాను. ఏమీ లేదే. ఉత్త పాలవాసన."

అంతే, ఆ తర్వాత ముక్కు ఎగబీల్చిన చప్పుడు. మా పిన్ని ఏడవడం నేనెప్పుడూ వినలేదు కాబట్టి, అది ఏడుపని తెలియడానికి నాకు కాస్త టైం పట్టింది. వెనక నుంచి పెద్దాయన గొంతు వినిపించింది. "ఊరుకోమ్మా, దూడలు బెదురుతాయి."

పోస్టుకు ఇంకా ఎనిమిది నెలలుంది. అది వస్తుందో రాదో, ఆ మాట ఆవిడ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మొదటి ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని, "రంగెలా ఉంది పిన్నీ?" అని అడిగాను.